చేతిపని సంపాదనను వడ్డీ మింగకూడదు

స్టేషన్ ఘనపూర్ హైదరాబాద్–వరంగల్ దారిలో ఉన్న ఊరు. ఇక్కడ ఇంటింటికీ మోటారు సైకిలు, పొలాల్లో ట్రాక్టర్లు, కూడలిలో ఆటోలు. బండ్లు బాగుచేసేవానికి పని కరువుండదు. అందుకే పదవ తరగతి పూర్తిచేసి, “హజ్రత్, ఇక ఏం చదవాలి?” అని అడిగిన పేద పిల్లలకు మేము “ఐటీఐలో చేరు బేటా, చేతిలో పని ఉంటే ఆకలి ఉండదు” అని చెబుతూ వచ్చాము. ఆ సలహా తప్పు కాదు. కాని అది సగం సలహాయేనని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా మక్తబ్‌లో ఖుర్ఆన్ నేర్చుకున్న ఒక ఆటో డ్రైవరు కుమారుడు రెండేళ్ల మోటారు వాహనాల మెకానిక్ కోర్సు పూర్తిచేసి, జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ పొందాడు. కొద్ది రోజులకే రోడ్డు పక్కన షెడ్డు తెరిచాడు. మమ్మల్ని పిలిచాడు. మేము వెళ్లి శుభం కోరుతూ దుఆ చేశాము, మిఠాయి తిని వచ్చాము. ఆ షెడ్డుకు డబ్బు ఎక్కడి నుండి వచ్చిందని ఒక్క మాట కూడా అడగలేదు.

పది నెలల తరువాత ఒకనాడు అస్ర్ నమాజు ముగిశాక అతను మా దగ్గర కూర్చుని తల దించుకున్నాడు.

“హజ్రత్, పని ఉంది. డబ్బే నిలవడం లేదు.”

“అప్పు ఎంత బేటా?”

“లక్షా యాభై వేలు. మూడు రూపాయల వడ్డీ.”

మేము కాగితం తీసుకుని లెక్క వేశాము. పనికూలి రూపంలో నెలకు దాదాపు 15,000 వస్తోంది. అద్దె 3,000, కరెంటు 800. వడ్డీ 4,500. ఇంటికి చేరేది 6,700. పది నెలల్లో 45,000 వడ్డీ కట్టాడు; అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ‘మూడు రూపాయలు’ అంటే చిన్న మాటగా వినబడుతుంది. సంవత్సరానికి అది నూటికి 36 అవుతుంది.

ఇంకొక మాట విని మేము నివ్వెరపోయాము. వడ్డీ కట్టలేని నెలలో గిరిగిరి అప్పు కూడా తీసుకున్నాడు. చేతికి 8,500 ఇచ్చి, రోజుకు 100 చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. రోజురోజుకూ అసలు తీరుతూ వస్తున్నందున, లెక్క కట్టి చూస్తే దాని వడ్డీ సంవత్సరానికి నూటికి నూరు దాటుతుంది.

తొందరపాటు కూడా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశంలో అమ్ముడవుతున్న కొత్త వాహనాలకు బీఎస్–6 ప్రమాణాలు వచ్చాయి. మోటారు సైకిళ్లలో కార్బురేటరు స్థానాన్ని ఎక్కువగా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. లోపం ఎక్కడుందో చెవితో విని చెప్పే రోజులు పోతున్నాయి. స్కానరు కావాలి, దాన్ని చదవడం రావాలి. మా పిల్లవాని దగ్గర అవి లేవు. కొత్త బండ్లు కంపెనీ సర్వీసు సెంటర్లకు పోయాయి, పాతవి మాత్రమే అతని షెడ్డుకు వచ్చాయి.

అతను ముందుగా అప్రెంటిస్‌గా చేరి ఉంటే? 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు నెలకు కనీసం 7,000 స్టైపెండ్ నిర్ణయించాయి. అంటే పని నేర్చుకునే వానికి దొరికేది, అప్పు చేసి యజమాని అయిన వానికి మిగలలేదు! మన రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను ఆధునిక శిక్షణ కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది. విద్యుత్ వాహనాల మరమ్మతు కూడా వాటిలో నేర్పుతారు. నేర్చుకునే దారి మూసుకుపోలేదు. ఆగే ఓపికే మనకు లేదు.

ధర్మం ఈ రెండు విషయాలపైనా స్పష్టంగా మాట్లాడింది. మనిషి తినే తిండిలో తన చేతులతో సంపాదించినదే మేలైనదని, దావూద్ ప్రవక్త (అలై) తన చేతికష్టంతోనే తినేవారని మహనీయ ముహమ్మద్ ప్రవక్త (స) బోధించారు. కనుక నూనె మరకలున్న చేతులను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. మరో వైపు, మూడు దీనార్లు బాకీపడి చనిపోయిన వ్యక్తి జనాజాను ప్రవక్త (స) ముందుకు తెచ్చినప్పుడు, అబూ ఖతాదా (రజి) ఆ బాకీకి బాధ్యత వహించిన తరువాతే ఆయన నమాజు చేయించారు. అప్పు ఎంత బరువైనదో, దాన్ని పంచుకున్న సోదరుని స్థానం ఎంత గొప్పదో ఆ ఒక్క సంఘటన తెలుపుతుంది.

మా పిల్లవాని మామూ, మస్జిదు జమాఅతులోని మరో ఇద్దరు కలిసి అసలు చెల్లించడానికి ముందుకు వచ్చారు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, సాక్షులు ఉండాలని దివ్యఖుర్ఆన్ (2:282) ఆదేశిస్తోంది. అలాగే వ్రాసుకున్నారు: వడ్డీ లేదు, నెలకు 5,000, ముప్పై నెలలు. అతని ఇల్లు ఇప్పటికీ ఇబ్బందిగానే గడుస్తోంది. కాని వడ్డీకి 4,500 కట్టినప్పుడు తరగని అప్పు, ఇప్పుడు ప్రతి నెలా తరుగుతోంది. దానికి ఒక చివరి తేదీ ఉంది. అతని తల్లి రాత్రి నిద్రపోతోంది.

సోదర సోదరీమణులారా! కొడుకు సర్టిఫికెట్ తెచ్చిన రోజున మిఠాయితో పాటు కాగితం, కలం కూడా ముందు పెట్టండి. సాధ్యమైనంతవరకు ఒక ఏడాది మరొకరి దగ్గర పని చేయనివ్వండి. షెడ్డుకన్నా ముందు పానాల పెట్టె కొనండి. పెళ్లి ఖర్చులకు లక్షలు కూడబెట్టే బంధువులు, అతనికి కొంత ఖర్జె హసనా ఇవ్వలేరా? జకాత్ ఎనిమిది పద్దులలో ఋణగ్రస్తులది ఒకటి (9:60). అర్హుడైన యువకునికి పనిముట్లు కొని సొంతం చేసినా జకాత్ నెరవేరుతుంది. ఏటేటా అతని చేతికి రంజాన్ కానుక ఇవ్వడంకన్నా, ఒక్కసారి అతని చేయిని ఇచ్చే చేయిగా మార్చడం మేలు కాదా?

ఇక మా విషయం. ఇప్పుడు ఎవరైనా దుకాణం తెరిచి దుఆకు పిలిస్తే, చేతులెత్తే ముందు “పెట్టుబడి ఎక్కడిది బేటా?” అని అడుగుతున్నాము. అల్లాహ్ మన పిల్లల చేతులకు నైపుణ్యాన్ని, సంపాదనకు శుభాన్ని, అప్పుల నుండి విముక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.