సీలెంట్ మీద ఏ మైనం? లిలువాలో కారు రంగు చెప్పే సంగతులు

హౌరా నుంచి మెయిన్ లైన్ మీద బయల్దేరితే వచ్చే మొదటి స్టేషన్ లిలువా. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి తొలి రైలు నడిచిన దారి ఇదే. పట్టాల పక్కన ఈస్ట్రన్ రైల్వే వారి క్యారేజ్ అండ్ వ్యాగన్ వర్క్‌షాపు, చుట్టుపక్కల హౌరాకు పేరు తెచ్చిన ఇనుప ఫౌండ్రీలు, వాటి మధ్యనే ఇళ్లు, అపార్ట్‌మెంట్లు. ఇలాంటి చోట ఆరుబయట నిలిపిన తెల్లకారును కొన్ని నెలల తర్వాత దగ్గరగా చూస్తే బానెట్ మీద, డోర్ల మీద ఆవగింజలో సగం కూడా లేని నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. కడిగినా పోవు. కొత్త కారు అప్పుడే తుప్పు పడుతోందా అని యజమాని గుండె గుభేలుమంటుంది.

ఆ తుప్పు చాలాసార్లు కారుది కాదు, బయటి నుంచి వచ్చింది. చక్రం పట్టాను రాసుకున్నప్పుడు, బ్రేకు పడినప్పుడు, ఫౌండ్రీలో పోతపోసిన సామాను గ్రైండింగ్ చేసేటప్పుడు సన్నని ఇనుప రేణువులు గాలిలోకి లేస్తాయి. వేడిమీదో, వేగంమీదో వచ్చి కారు పైపూతలో నాటుకుంటాయి. తేమ తగలగానే తుప్పు మొదలవుతుంది. తుప్పు తన పుట్టుకకు కారణమైన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, రేణువు ఉబ్బుతూ చుట్టూ ఉన్న పూతను నెడుతుంది. కార్ల మెరుగు పనివాళ్లు ప్రపంచమంతటా దీన్ని రైల్ డస్ట్ అనే పిలుస్తారు.

ఈ చుక్కలు చూసి కంగారుపడ్డవారు సాధారణంగా చేసే పని పూత వేయించడం. ముందు సింథటిక్ సీలెంట్, దానిపైన ఇంకాస్త మెరుపు కోసం, రక్షణ కోసం మైనం. అక్కడ ప్రశ్న మొదలవుతుంది. సీలెంట్ మీద ఏ మైనం పడుతుంది? అసలు పడుతుందా? దుకాణంలో డబ్బాలు పదిరకాలు ఉంటాయి, ప్రతిదాని మీదా మెరిసే కారు బొమ్మే ఉంటుంది. డబ్బా ఎంచుకోవడానికి కాస్త ఉపరితల భౌతికశాస్త్రం తెలిస్తే చాలు.

ఇప్పటి కార్ల రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. దాని మందం దాదాపు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను, వానను, గీతలను భరించేది ఇదే. సీలెంట్, మైనం దీనిపై వేసే మరింత పలుచని పొరలు. తుడిచేశాక మిగిలేది సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. కాబట్టి ఏ డబ్బా అయినా రాయి తగిలితే గీత పడకుండా ఆపుతుందని అనుకోవడం ఆశ మాత్రమే.

సీలెంట్లలో ఎక్కువ భాగం సిలికోన్ పాలిమర్లు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటి పేర్చిన గొలుసు వాటి వెన్నెముక. ఆ గొలుసు నుంచి బయటికి పొడుచుకొచ్చే మిథైల్ సమూహాలకు నీరంటే గిట్టదు. చాలా సీలెంట్లలో ఈ గొలుసుకు అక్కడక్కడా అమైనో సమూహాలు కూడా తగిలిస్తారు. ఇవి క్లియర్ కోట్ మీదున్న ధ్రువ సమూహాలను పట్టుకుంటాయి. గొలుసు ఒకవైపు రంగును అంటిపెట్టుకుని, రెండోవైపు నీటిని దూరంగా ఉంచుతుంది. ఆ పట్టు పూర్తిగా కుదరడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది.

వరుస ఎందుకు ముఖ్యమో ఇక్కడే తేలిపోతుంది. ముందు మైనం పూస్తే, సీలెంట్‌కు పట్టుకోవడానికి క్లియర్ కోట్ దొరకదు. జారుడు మైనం మీద నిలబడాల్సి వస్తుంది, ఆ మైనం పోయిన రోజున అదీ పోతుంది. అందుకే సీలెంట్ ముందు, మైనం తర్వాత. ఈ వరుస అలవాటుగా వచ్చింది కాదు, రసాయన బంధాల అవసరం.

మరి సీలెంట్ మీద మైనం ఎలా నిలుస్తుంది? నీటినే అంటనివ్వని ఉపరితలం మైనాన్ని అంటనిస్తుందా అన్న అనుమానం సహజమే. నీటి తలతన్యత 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లు. సిలికోన్ ఉపరితలాల శక్తి అదే కొలతలో 20కి కాస్త పైన ఉంటుంది. 1950ల నుంచి అమెరికా నావికాదళ పరిశోధనాశాలలో విలియం జిస్మన్ చేసిన పని ఈ లెక్కను తేల్చింది. ఘన ఉపరితలానికి ఒక అవధి ఉంటుంది, దానికన్నా తక్కువ తలతన్యత ఉన్న ద్రవమే దానిమీద పూర్తిగా పరుచుకుంటుంది. నీరు ఆ అవధికి ఎంతో పైనుంది కాబట్టి గుండ్రంగా ముడుచుకుంటుంది. పేస్టు మైనంలో కలిపే టర్పెంటైన్ లాంటి ద్రావకాల తలతన్యత 25 నుంచి 27 వరకు ఉంటుంది. అవధికి కాస్త పైన, కానీ నీటిలా దూరం కాదు. కొంచెం ఒత్తి పలుచగా రుద్దితే పరుచుకుంటుంది, ద్రావకం ఎగిరిపోయాక మైనం మిగులుతుంది.

అలా మిగిలిన మైనాన్ని అక్కడ పట్టి ఉంచేది రసాయన బంధం కాదు, అణువుల మధ్య ఉండే బలహీనమైన వాండర్ వాల్స్ ఆకర్షణ. గోడ మీద బల్లి నిలబడేది కూడా ఈ బలంతోనే, కాబట్టి తక్కువగా అంచనా వేయనక్కర్లేదు. కానీ సబ్బు, వేడి, గుడ్డ రాపిడి దాన్ని తేలిగ్గానే ఓడిస్తాయి. సీలెంట్ నెలల తరబడి ఉంటే, పైనున్న మైనం వారాల్లో అరిగిపోవడం అందుకే. అది మైనం లోపం కాదు. అరిగిపోయేది పైదే అయినంతకాలం కింద ఉన్నది మిగులుతుంది.

ఎంపికలో అసలు జాగ్రత్త ఇక్కడుంది. దుకాణాల్లో మైనం పేరుతో అమ్మే వాటిలో కొన్ని క్లీనర్ వ్యాక్స్‌లు. వాటిలో మైనంతో పాటు మురికిని కరిగించే బలమైన ద్రావకాలు, సన్నని అల్యూమినా లేదా బంకమట్టి జాతి రాపిడి పొడులు ఉంటాయి. పాతబడి వెలిసిన రంగు మీద అవి బాగా పనిచేస్తాయి. నిన్ననే వేసిన సీలెంట్ మీద రుద్దితే మాత్రం, డబ్బు పోసి వేయించిన పొరను అదే చేత్తో గీకేసినట్టు. మైక్రాన్ కూడా లేని పొర రాపిడి పొడికి ఏపాటి? డబ్బా మీద క్లీనర్, క్లెన్సింగ్, పాలిష్, ఆల్ ఇన్ వన్, గీతలు పోగొడుతుంది అన్న మాటలు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టాలి. సీలెంట్ మీదికి కావలసింది రాపిడి పొడి లేని, పై పూతకు మాత్రమే చేసిన మైనం. అనుమానంగా ఉంటే కొద్దిగా తీసి రెండు వేళ్ల మధ్య నలపాలి. గరుకు తగిలితే వద్దు. అతి సన్నని పొడి వేళ్లకు తెలియకపోవచ్చు గనుక ఈ పరీక్షలో నెగ్గినా డబ్బా మీది మాటలు చదవక తప్పదు.

నీటిలో కలిపి చేసిన స్ప్రే మైనాలు వాడటం తేలికే. అయితే సీలెంట్ ఉపరితలం నీటి ఆధారిత ద్రవాన్ని చుక్కలుగా విడగొట్టే గుణం ఉన్నది కాబట్టి, వెంటనే పొడిగుడ్డతో పరచకపోతే చారలు కడతాయి. రెండు వారాలకోసారి కడిగిన తర్వాత కొట్టుకోవడానికి అవి చాలు, మొదటి పూతకు పేస్టే నయం.

మైనాల్లో పేరున్నది కార్నూబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నీటి నష్టాన్ని ఆపడానికి ఏర్పడే పొర ఇది. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఎండలో నిలిపిన నల్లకారు బానెట్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుందని తెలిసినవారికి ఈ 20 డిగ్రీల తేడా విలువ అర్థమవుతుంది. మిఠాయి గోళీలకు, మందుబిళ్లలకు మెరుపునిచ్చేది కూడా చాలాసార్లు ఈ కార్నూబానే. దీనికి దగ్గరి ద్రవీభవన స్థానం ఉన్న మైనం మనకు దూరంగా ఏమీ లేదు. తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు విడిగా వచ్చే తవుడు మైనం అలాంటిదే.

నూటికి నూరుపాళ్లు కార్నూబా అన్న ప్రకటనను మాత్రం కాస్త నవ్వుతూ చదవాలి. శుద్ధ కార్నూబా రాయిలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. ద్రావకం, నూనె, మెత్తటి మైనాలు కలపకుండా దాన్ని కారు మీద పూయడం కుదరదు. వాడిన కార్నూబా స్వచ్ఛమైనదేనని మాత్రమే ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు, డబ్బాలో ఎంతుందో అది చెప్పదు.

మైనం ఇచ్చే మెరుపుకూ కారణం ఉంది. క్లియర్ కోట్ మీది సన్నని గీతల్లో గాలి ఉన్నప్పుడు వాటి అంచుల దగ్గర వెలుతురు చెల్లాచెదురవుతుంది. గాలి వక్రీభవన గుణకం 1, క్లియర్ కోట్‌ది దాదాపు 1.5, కార్నూబాది దాదాపు 1.45. గీతలో గాలి స్థానంలో మైనం చేరితే రెండింటి మధ్య తేడా తగ్గి, వెలుతురు గీతను గుర్తించనట్టే దాటిపోతుంది. గీత మాయం కాలేదు, దాక్కుంది.

ఇక నీటిబొట్ల సంగతి. పూత బాగుందా లేదా అన్నది చాలామంది బొట్టు ఎంత గుండ్రంగా నిలిచిందో చూసి తేలుస్తారు. తామరాకు మీది నీటిబొట్టు మన మాటల్లోనే ఉంది కదా. కానీ తామరాకు పనితనం మైనంలో మాత్రమే లేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆకు నిండా చిన్న బొడిపెలు, వాటి మీద మైనపు నాళికలు కనిపిస్తాయి. బొట్టు వాటి కొనల మీద కూర్చుంటుంది, కింద గాలి ఉంటుంది. 1997లో జర్మన్ శాస్త్రవేత్తలు బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ దీన్ని వివరించాక తామరాకు ప్రభావం అన్న పేరు స్థిరపడింది. అక్కడ బొట్టు ఉపరితలంతో చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. నున్నటి ఉపరితలం మీద ఎంత మంచి రసాయనం పూసినా ఆ కోణం సుమారు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మైనం మీద 105 నుంచి 110 వరకు వస్తుంది. కారును తామరాకు చేస్తామని చెప్పే ప్రకటనకు ఈ లెక్క చాలు.

పైగా గుండ్రంగా కూర్చుండిపోయిన బొట్టు అన్నివేళలా మేలు చేయదు. ముఖ్యం బొట్టు ఎంత సులువుగా జారిపోతుందన్నది. జారకుండా నిలిచి ఎండలో ఆరితే, అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలన్నీ చిన్న వలయంగా అంచుల్లో పేరుకుంటాయి. బోరునీటితో కడిగే తెలుగు ఊళ్లలో నల్లకారు ఉన్నవారికి ఈ తెల్లని వలయాలు కొత్త కాదు. బొట్టు భూతద్దంలా ఎండను కేంద్రీకరించి రంగును కాలుస్తుందని చెప్పేవారున్నారు, కానీ బల్లపరుపుగా కూర్చున్న బొట్టు నాభి సాధారణంగా ఉపరితలం కన్నా కిందికి పడుతుంది. మచ్చకు కారణం లవణమే. కడిగిన కారును నీడలో వెంటనే తుడవడం అన్ని మైనాల కన్నా చవకైన రక్షణ.

ఇదంతా తెలిశాక మళ్లీ లిలువాలోని ఆ తెల్లకారు దగ్గరికి రావాలి. ఇనుప రేణువులు నాటుకుని ఉన్న రంగు మీదే సీలెంట్, దానిమీద మైనం వేస్తే ఏమవుతుంది? పూత గాలి చొరబడని మూత కదా, తుప్పు ఆగిపోతుంది అనిపిస్తుంది. ఆగదు. ద్రవరూపంలోని నీటిని నెట్టేయడం వేరు, నీటి ఆవిరిని ఆపడం వేరు. సిలికోన్ పాలిమర్ల గుండా ఆవిరి, ఆక్సిజన్ చాలా తేలిగ్గా దాటిపోతాయి. గొలుసులు వదులుగా ఉండటమే అందుకు కారణం. మైనం ఆవిరిని కొంత మెరుగ్గానే ఆపుతుంది కానీ, అది మందంగా ఉన్నప్పుడు. మైక్రాన్‌లోపు పొరలో, పైకి పొడుచుకొచ్చిన రేణువు అంచుల దగ్గర ఖాళీలు తప్పవు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలే తడిసి ఉండే గంగాతీరంలో తుప్పుకు కావలసిన తేమ అందుతూనే ఉంటుంది. బొట్లు అందంగా గుండ్రంగా నిలుస్తుంటే, వాటి కింద చుక్కలు పెద్దవవుతుంటాయి. పూతలకు ఖర్చుపెట్టినవారిని ఎక్కువ మోసం చేసేది ఈ దృశ్యమే.

కాబట్టి లిలువాలో, అలాగే రైల్వే లైన్లకు, ఫౌండ్రీలకు దగ్గరున్న ఏ ఊళ్లోనైనా, మైనం ఎంపిక కన్నా ముందు ఇనుము తీయాలి. ఇందుకు అమ్మే ద్రవాల్లో థయోగ్లైకోలేట్ లవణం ఉంటుంది. జుట్టు వంకీలు తిప్పే లోషన్లలో వాడేదీ ఈ జాతి రసాయనమే, ఆ గంధకపు వాసన అందుకే. ఇనుముతో కలిసి ఇది నీటిలో కరిగే ఊదారంగు సమ్మేళనం అవుతుంది. తెల్లకారు మీద చల్లిన కొన్ని నిమిషాలకు ఊదా ధారలు కారుతుంటే, ఎంత ఇనుము ఉందో కళ్లతోనే చూడవచ్చు. చేతులకు గ్లవుజులు, కారుకు నీడ, ద్రవం ఆరిపోకముందే ధారాళంగా నీళ్లు. ఇంకా గరుకుగా ఉన్నచోట్ల జారుడు ద్రవం రాసి డిటెయిలింగ్ క్లే అనే మెత్తటి ముద్దతో తేలిగ్గా రుద్దుతారు. ఈ పని పాత సీలెంట్‌ను కూడా చాలావరకు ఊడ్చేస్తుంది. అంటే ఇనుము మీదే పూత వేయించినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక తప్పదు. అది నష్టమే. కానీ ఆ పూత మీద ఖరీదైన మైనం పూయడం ఆ నష్టానికి ఇంకొంత కలపడమే అవుతుంది.

శుభ్రమైన రంగు మీద సీలెంట్ వేసి, డబ్బా మీద చెప్పినంతసేపు, లేదా ఒక రాత్రి తడి తగలకుండా ఉంచి, ఆ తర్వాత మైనం పలుచగా ఒక్కసారి. మందంగా పూస్తే తుడిచే గుడ్డకు అంటుకోవడం తప్ప ప్రయోజనం లేదు. రోజూ ఎండలో ఉండే కారైతే కార్నూబా పాలు ఎక్కువున్న పేస్టు ఎంచుకోవచ్చు. మెరుపు మీద పెద్దగా పట్టింపు లేనివారు మైనం మానేసి, అదే డబ్బుతో సీలెంట్‌నే ఏడాదిలో ఇంకోసారి వేసుకున్నా తప్పేమీ లేదు. పక్షి రెట్టలు మాత్రం రెండు పొరలున్నా అదేరోజు కడగాలి.

కారు సిద్ధంగా ఉందో లేదో చూడటానికి ఒక పాత పరీక్ష ఉంది. కడిగి ఆరిన బానెట్ మీద, చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని అరచేత్తో నెమ్మదిగా నిమరాలి. వట్టి చేతికి తెలియని గరుకు సంచిలోంచి ఇసుక కాగితంలా తెలుస్తుంది. అలా తెలిస్తే మైనం డబ్బా మూత ఇంకా తీయకూడదు.