తుపాకి గురి – తూటా దారి

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములందలి ఎన్.సి.సి. విద్యార్థులకు పాయింటు 22 రైఫిలు కాల్చుట నేర్పునప్పుడు, మొదట ఒకే బిందువుపై గురి నిలిపి కొన్ని తూటాలు కాల్పింతురు. రంధ్రములు చెల్లాచెదరైనచో లోపము సాధారణముగా చేతిది, ఊపిరిది. అన్నియు ఒక్కచోట గుమిగూడి, కేంద్రమునకు దూరముగా పడినచో దోషము సైటుది, విద్యార్థిని నిందింపరాదు. గుంపు క్రిందుగా పడిన వెనుక సైటును పైకి, ఎడమగా పడిన కుడికి జరుపవలెను. ఎంచుకొన్న దూరమున చూపురేఖయు తూటా దారియు కలియునట్లు చేయు ఈ పనినే ‘జీరో చేయుట’ అందురు.

మరి 25 మీటర్లకు సరిచేసిన గురి 100 మీటర్లకు సరిపోవునా? పోదు. గొట్టమును వీడిన క్షణమునుండియే తూటా, కొమ్మనుండి రాలిన తునికిపండు వలెనే, భూమివైపు పడనారంభించును. గాలి నిరోధమును లెక్కింపనిచో, సెకనుకు 330 మీటర్ల వేగముతో పోవు తూటా గొట్టపు రేఖకు 25 మీటర్లలో సుమారు 3, 50 మీటర్లలో 11, 100 మీటర్లలో 45 సెంటీమీటర్లు దిగువకు వచ్చును. దూరము రెట్టింపైన పతనము నాలుగు రెట్లగును!

గొట్టము మరీ పొట్టిదైనచో మందు వాయువులు తూటాను నెట్టు దూరము తగ్గి, వేగమును తగ్గును. వేగము 300 మీటర్లైనచో 100 మీటర్లలో పతనము 54 సెంటీమీటర్లు. గాలి నిరోధము దీనిని ఇంకను పెంచును. కనుకనే దూరము మారినప్పుడెల్ల కాల్చి చూడవలెను.

ప్రయోగశాలలోను ఇంతే. కొలతలు చెదరుట వేరు, అన్నియు ఒకే ప్రక్కకు తప్పుట వేరు. మొదటిది సాధనచే తగ్గును. రెండవదానికి పరికరమునే సరిచేయవలెను.