కోత తప్పిన ప్రోటీన్

వారాల తరబడి తగ్గని దగ్గు, తగ్గిపోతున్న బరువు, ఎక్స్‌రేలో మచ్చ. బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రికైనా, హిందూపురం, పెనుకొండ ఆసుపత్రులకైనా ఇలాంటి మనిషి వస్తే డాక్టరు ముందు టీబీనే అనుమానిస్తారు. అనుమానించాలి కూడా, మన దగ్గర చాలామందిలో అదే నిజం. కానీ కొందరిలో ఆ మచ్చ క్యాన్సర్. నెలల పాటు టీబీ మందులు మింగాక గానీ ఆ సంగతి బయటపడదు, ఈలోగా కణితి పాకిపోతుంది. ఒక రక్తపరీక్షతో ముందే పట్టుకోలేమా?

కణితులు రక్తంలోకి ప్రోటీన్లు వదులుతాయి. వాటిని కొలవాలన్న ఆశ పాతదే. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ సీఈఏ అనే ప్రోటీన్‌ను కనుగొని, అది జీర్ణనాళపు క్యాన్సర్లకే ప్రత్యేకమనుకున్నారు. తీరా చూస్తే ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్లలోనూ ఉంది. ఏ క్యాన్సరూ లేని పొగరాయుళ్లలోనూ పెరుగుతోంది. ఒక ప్రోటీన్ రక్తంలో ఎంత ఉందన్నదే కాదు, అక్కడికి ఎందుకు వచ్చిందన్నదీ తెలియాలి.

ఆ ‘ఎందుకు’కు అద్భుతమైన జవాబున్న ప్రోటీన్ ఒకటుంది. దాని పేరు సర్ఫాక్టెంట్ ప్రోటీన్-బి.

ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ వాయుగోణులు, ప్రతి గోణి లోపలా సన్నని నీటి పొర. తలతన్యత వల్ల ఆ పొర గోణిని లోపలికి గుంజుతుంది. అలాగే వదిలేస్తే ఊపిరి విడిచినప్పుడల్లా గోడలు తడిసిన ప్లాస్టిక్ సంచిలా అతుక్కుపోతాయి. కొవ్వులూ ప్రోటీన్లూ కలిసిన సర్ఫాక్టెంట్ ఆ గుంజుడును తగ్గిస్తుంది. 1929లోనే కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ ఊపిరితిత్తులను గాలికి బదులు ద్రవంతో నింపి, అవి చాలా తక్కువ ఒత్తిడికే విచ్చుకుంటాయని చూపించాడు. పాతికేళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు! నెలలు నిండకుండా పుట్టి ఊపిరాడక చనిపోయే పసికందులకు సర్ఫాక్టెంట్ కొరతే శత్రువని మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ తేల్చేసరికి 1959 వచ్చింది.

ప్రోటీన్-బిని తయారుచేసేవి గోణి గోడలోని రెండో రకం కణాలు. మొదట 381 అమైనో ఆమ్లాల పొడవైన రూపం పుడుతుంది. నాప్సిన్-ఎ, కెథెప్సిన్-హెచ్ వంటి ఎంజైములు దాన్ని అటూ ఇటూ కోస్తూ పోగా చివరికి 79 మిగులుతాయి. ఈ చిన్న ముక్కకు నీళ్లు పడవు, కొవ్వును పట్టుకుని గోణిలోనే ఉండిపోతుంది. కోత పడని పొడవాటి రూపం అలా కాదు, నీళ్లలో కలుస్తుంది. కణం క్యాన్సర్‌గా మారినప్పుడు ఈ కోత పని దెబ్బతింటుంది, పొడవాటి రూపం రక్తంలోకి చేరుతుంది. అంటే ఈ రూపాన్ని వెతికే రక్తపరీక్ష కొలిచేది కణం మధ్యలో వదిలేసిన పనిని. సీఈఏకు ఇంతటి స్పష్టమైన కథ లేదు.

2018లో సమీర్ హనాష్ తదితర పరిశోధకులు ఈ పొడవాటి రూపానికి సీఈఏను, సీఏ 125, సైఫ్రా 21-1 అనే మరో రెండు ప్రోటీన్లను జతచేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడటానికి ముందు ఏడాదిలోపు తీసి దాచిన రక్తంలో కొలిచారు. ఎవరికి స్కాన్ తీయాలో చెప్పే అప్పటి అమెరికా నిబంధనలు రోగుల్లో 43 శాతాన్ని పట్టుకుంటే, పొగతాగిన చరిత్రతో పాటు ఈ నాలుగు ప్రోటీన్లనూ లెక్కలోకి తీసుకున్న పద్ధతి, తప్పుడు హెచ్చరికలు పెరగకుండానే, 63 శాతాన్ని పట్టుకుంది.

ముందే పట్టుకోవడానికే కాదు, రోగి ఎంతకాలం బతుకుతాడన్న ప్రశ్నకూ సైఫ్రా కొంత పనికొస్తుంది. చనిపోతున్న కణాల నుంచి రాలే కెరటిన్-19 ముక్క అది. చికిత్సకు ముందే ఎక్కువగా ఉన్నవారిలో సగటు ఆయుర్దాయం తక్కువ.

ఇదంతా బాగుంది గానీ, 2018లో కొలిచిన ఆ రక్తం పొగతాగిన అమెరికా, యూరప్ వాళ్లది. ఏనాడూ బీడీ ముట్టకుండా కట్టెల పొయ్యి ముందు వంట చేసిన మన ఆడవాళ్ల సంగతేమిటి? పైగా సీఏ 125 టీబీలోనూ పెరుగుతుంది, ముఖ్యంగా ఊపిరితిత్తి పొరలో నీరు చేరినప్పుడు. టీబీ రోగుల పక్కన పెట్టి పరీక్షించకుండా ఈ నాలుగింటి పరీక్షను బత్తలపల్లికి తెస్తే అది క్షయను క్యాన్సర్ అని భయపెట్టవచ్చు. ముందు జరగవలసింది ఆ పోలిక. అప్పటిదాకా, తెమడలో టీబీ క్రిమి దొరకక, మందులు వాడుతున్నా మచ్చ తగ్గకపోతే, సీటీ స్కాన్‌నూ బయాప్సీనీ వాయిదా వేయకూడదు.