చెరిపిన చిత్రములు తిరిగి దొరకునా?

నేడు అనేక గృహములలో ఫోటో ఆల్బము స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. పెండ్లి వేడుకలు, కీర్తిశేషులైన పెద్దల ముఖచిత్రములు, కళాశాల వార్షికోత్సవ దృశ్యములు అన్నియు ఒక హార్డ్ డిస్కులో ఇమిడియున్నవి. పొరపాటున ఒక మీట నొక్కగా అవి అదృశ్యమైనచో కలవరపడనివారు అరుదు. అట్టి సమయమున ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను విషయమును మన విద్యార్థులకు సులభశైలిలో తెలియజేయుటయే మా ఉద్దేశము.

1956వ సంవత్సరములో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి హార్డ్ డిస్కు యంత్రములో 50 పళ్లెములుండెను. అది దాచగలిగినది సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడెడి డిస్కు అంతకు లక్షల రెట్లు దాచుచున్నది. అయినను మూలసూత్రము మారలేదు. అయస్కాంతపు పూత గల పళ్లెములను సెక్టార్లు అను చిన్న గదులుగా విభజింతురు. ఒక్కొక్క గదిలో 512 గాని 4,096 గాని బైట్లు పట్టును. ఏ ఫైలు ఏ గదులలో నున్నదో తెలుపు పట్టిక ఒకటి అదే డిస్కులో వేరుగా ఉండును.

దీనిని మన గ్రంథాలయముతో పోల్చి చూతము. కేటలాగు డ్రాయరు నుండి ఒక కార్డును తీసివేసినంత మాత్రమున బీరువాలోని పుస్తకము మాయము కాదు. అయితే కార్డు లేనందున ఆ చోటు ఖాళీయని భావించి, అటెండరు పాత పుస్తకమును తొలగించి అక్కడ క్రొత్త పుస్తకమును పెట్టవచ్చును. ఫైలును చెరిపినపుడు కంప్యూటరు చేయు పనియు ఇదియే. పట్టికలో "ఈ గదులు ఖాళీ" యని గుర్తు పెట్టును. గదులలోని చిత్రము అప్పటికి అట్లే ఉండును. మరియొక ఫైలు వచ్చి ఆ గదులలో చేరినప్పుడే అది నిజముగా నశించును.

కావున మొదట చేయవలసినది రీసైకిల్ బిన్‌ను చూచుట. 1995లో విండోస్ 95తో వచ్చిన ఈ సౌకర్యము చెరిపిన ఫైళ్లను తాత్కాలికముగా దాచియుంచును. అందులో లేనిచో ఆ కంప్యూటరు వాడకమును వెంటనే నిలిపివేయవలెను. ఇంటర్నెట్ చూచినను డిస్కుపై ఏదో ఒకటి వ్రాయబడుచునే యుండును. పలువురు తొందరపడి, చిత్రములు పోయిన డిస్కులోనే రికవరీ సాఫ్ట్‌వేరును ఎక్కింతురు. వెదకబోయిన చిత్రముపై ఆ సాఫ్ట్‌వేరే కూర్చుండు ప్రమాదము కలదు. డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి, మొత్తమునకు నకలు తీసి, ఆ నకలులో వెదకుట ఉత్తమము. దొరికిన చిత్రములను మరియొక డిస్కులోనే భద్రపరుపవలెను.

వెదకు విధానములు రెండు. పట్టికలో పాత వివరములు మిగిలియున్నచో వాని ఆధారమున ఫైలు పేరుతో సహా లభించును. పట్టిక చెడిపోయినచో గదులను వరుసగా పరిశీలింపవలెను. జె.పి.ఇ.జి. చిత్రము ప్రతిదియు ఎఫ్ఎఫ్, డి8 అను రెండు బైట్లతో ఆరంభమగును. ఉచితముగా లభించు ఫోటోరెక్ అను సాఫ్ట్‌వేరు ఇట్టి ఆనవాళ్లను బట్టియే చిత్రములను గుర్తించును. అయితే ఈ పద్ధతిలో ఫైళ్ల పాత పేర్లు సాధారణముగా దక్కవు. ముక్కలుగా విడిపోయిన చిత్రము సగమే రావచ్చును.

అన్ని వేళలను ఈ ఉపాయములు ఫలింపవు. తిరిగెడి పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. డిస్కులలో ట్రిమ్ అను ఏర్పాటు కలదు. 2009లో వచ్చిన విండోస్ 7 నుండి విండోస్‌లో ఇది అమలులో నున్నది. చెరిపిన గదులను డిస్కు తనంతట తానే శుభ్రపరచుకొనును గనుక, అందు ఆశ మిక్కిలి స్వల్పము. ఇక పాత తరహా డిస్కు టకటకమని చప్పుడు చేసినచో అది యంత్రదోషము. వెంటనే ఆపి నిపుణులకు అప్పగింపవలెను గాని మూత విప్పరాదు. లోనికి జొచ్చిన ధూళికణము పళ్లెమును గీరివేయగలదు.

ఇందు కళాశాల కమిటీవారు గమనింపదగిన విషయమొకటి కలదు. చెరిపిన చిత్రము తిరిగి దొరకుట పోగొట్టుకొన్నవారికి వరమైనచో, పాత కంప్యూటర్లను అమ్మివేయు సంస్థకు అదియే ముప్పు. దరఖాస్తులపైని విద్యార్థినుల ఫోటోలు, మార్కుల పత్రములు పరుల చేతిలో పడవచ్చును. కావున పాత హార్డ్ డిస్కును బయటికి పంపుటకు ముందు, ప్రతి గదిని క్రొత్త వ్రాతతో నింపి పాతది నశింపజేయుట అవసరము.

అదే విధముగా వార్షికోత్సవ చిత్రములకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేర్వేరు సాధనములలో నుండి, అందొకటి కళాశాల ఆవరణకు వెలుపల నుండుట మేలు. పోయిన పిదప వెదకుటకు పట్టు శ్రమలో పదవ వంతైనను నకలు తీయుటకు పట్టదు. ఉద్యోగ విరమణ చేసిన గురువులను, చెదరిపోయిన సహాధ్యాయులను మరల ఒక్కచోట నిలిపి ఫోటో తీయుట ఎవరి తరము?