ఈనిన గేదెకు మాయ పడనప్పుడు

గేదె ఈనినది. దూడ లేచి నిలిచి జున్నుపాలు త్రాగినది. ప్రొద్దు గడచినను మాయ పడలేదు. ఇట్టి సమయములో మన పల్లెలలో కొందరు వ్రేలాడు మాయకు పాతచెప్పునో, రాతిముక్కనో కట్టుదురు. మరికొందరు చేయిపెట్టి లాగుదురు. మాయ వచ్చినదని ఆనాడు సంతోషింతురు. మూడు నెలలు గడచిన పిదప ఆ గేదె ఎదకు వచ్చినను చూడి కట్టక తిరగపొర్లుచుండును. అప్పుడు దోషమును దున్నపోతు మీదనో, వేయించిన సూది మీదనో మోపుదురు గాని, ఆనాటి చెప్పు ఎవరికిని జ్ఞప్తికి రాదు.

నేను పైరుల శాస్త్రము బోధించువాడను, పశువైద్యుడను కాను. అయినను బేతంచెర్ల వైపు వేరుసెనగను గూర్చి చెప్పబోయినచో రైతులు తరచుగా అడుగునది పాడిని గూర్చియే. పైగా ఇది సూక్ష్మజీవుల సంగతి. వేరుసెనగ వేళ్ల బుడిపెలలో నత్రజనిని నిలుపునవియు, పాలను పెరుగు చేయునవియు సూక్ష్మజీవులే. అవి ఉండుటయే రోగము కాదు. ఏవి, ఎచట, ఎంతకాలము ఉన్నవో చూడవలెను.

స్త్రీల విషయము చూడుడు. 1892లో ఆల్బర్ట్ డోడర్లైన్ అను జర్మను వైద్యుడు స్త్రీ యోనిలో సహజముగా కాపురముండు సూక్ష్మజీవులను వర్ణించెను. ఇవి పెరుగు తోడులోని వాటికి చుట్టములు. లాక్టిక్ ఆమ్లమును పుట్టించి అచటి ఉదజని సూచికను 4 ప్రాంతమున నిలుపును. మీ భూసార పరీక్ష పత్రములో కనబడు సూచికయే ఇది. ఆ పులుపులో రోగకారక జీవులు సులభముగా పెరగజాలవు. ఈ మేలుజీవులు తగ్గినచో నీచువాసనతో తెల్లబట్ట కలుగవచ్చును. గర్భిణులలో నెలలు నిండక కాన్పు వచ్చు ప్రమాదము పెరుగును. కావున లోపల సబ్బుతోను, మందునీళ్లతోను కడుగరాదు. వెలుపల మంచినీటితో కడిగిన చాలును. వాసన గాని, దురద గాని ఉన్నచో సిగ్గుపడక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఈ మాట ఇంటి ఆడవారికి చదివి వినిపింపుడు.

ఆవుకు, గేదెకు ఈ పులుపు కవచము లేదు. వాటి యోనిలో ఉదజని సూచిక 7కు దగ్గరగా ఉండును, మేలుజీవులును స్వల్పమే. వాటికి రక్ష గర్భాశయ ముఖము. చూడి కాలములో అది చిక్కని జిగురుతో బిగించినట్లు మూసికొని యుండును. ఈనునప్పుడు ఆ తలుపు తెరచుకొనును. అప్పుడు పేడలోని ఇ.కోలై మొదలైనవి లోనికి పోవును. ఈనిన మొదటి రెండు వారములలో దాదాపు అన్ని పశువుల గర్భాశయములోను సూక్ష్మజీవులుండును. ఆరోగ్యముగల పశువు మైలను వెలికి నెట్టుచు, గర్భాశయమును ముడుచుకొనుచు నాలుగైదు వారములలో వాటిని తొలగించుకొనును.

మాయను లాగినచో ఏమగును? గర్భాశయపు గోడకు గాయమగును. మాయ తెగి ముక్కలు లోన నిలుచును. గాయము సూక్ష్మజీవులకు ద్వారము, కుళ్లిన ముక్క ఆహారము. బరువు కట్టినచో ఒక్కొక్కప్పుడు గర్భాశయమే వెలికి రావచ్చును. మాయ సాధారణముగా 8 నుండి 12 గంటలలో పడును. అంతకు మించినచో పశువైద్యుని పిలువుడు; 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. దుర్వాసనగల ఎర్రని నీటివంటి మైల, జ్వరము, మేత మానుట కనిపించినచో ఒక్క పూటయైనను ఆగరాదు. మూడు వారములు దాటినను తీగలో చీము కనబడినచో చికిత్స చేయించిన పిదపనే సూది వేయింపవలెను. తప్పిన ప్రతి ఎదకు 21 రోజుల మేత దండుగ.

మీ ప్రాంతములో బండపరుపునకు కొదువ లేదు. బండ కడుగుటకు అనుకూలమే గాని, సందులలో పేడ, మూత్రము నిలుచును. నునుపుబండ మీద నిండుచూడి గేదె జారిపడును. ఈనుటకు వారము ముందే కొట్టములో ఒక మూల కడిగి ఆరబెట్టి, శుభ్రమైన గడ్డి పరచి ఉంచుడు. బండతోపాటు సున్నపురాయియు మీ నేలలోనిదే. పడిన మాయను కుక్కలకు వేయక, లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చుడు.

ఇందుకు మరియొక కారణము గలదు. చూడి పశువు అయిదవ నెల దాటిన పిదప ఈసుకుపోయినచో ఈసుడు రోగమేమో అని అనుమానింపవలెను. బ్రూసెల్లా అను ఈ సూక్ష్మజీవి మాయలోను, మైలలోను అపారముగా ఉండును, పాలలోను దిగును. వట్టిచేతితో మాయ తీసినవానికి గీతగాయము ద్వారా సోకి, వచ్చిపోవు జ్వరము, కీళ్లనొప్పులు కలిగించును. ఆ జ్వరమును సాధారణ జ్వరమని నెలల తరబడి మాత్రలు మ్రింగువారున్నారు. వైద్యునికి పశువు ఈసుకుపోయిన సంగతి చెప్పుడు, లేకున్న ఆయనకు తోచకపోవచ్చును. చికిత్సలో డాక్సీసైక్లిన్‌ను మరియొక మందుతో కలిపి ఆరు వారములు వాడుదురు. ఆ జాతి మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. దానినిచ్చిన సూక్ష్మజీవి అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయపు పైరుల ప్రయోగక్షేత్రపు మట్టిలో దొరకినది. ఆ పరిశోధనశాలకు అధిపతి భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇక నా శాస్త్రములోని మాట ఒకటి. వేసవిలో వట్టి జొన్నచొప్ప మీద బ్రతికిన గేదెకు విటమిన్ ఏ చాలదు. ఆ లోపము వలన గర్భాశయపు లోపొర బలహీనమై మాయ నిలుచుట ఎక్కువగును. బోరు క్రింద పది సెంట్లలోనైనను హెడ్జ్ లూసర్నో, పిల్లిపెసరో పెంచి, చూడి చివరి రెండు నెలలు దినమునకు కొంత పచ్చిమేత వేయుడు.

ఈసుడు రోగపు టీకా 4 నుండి 8 నెలల వయసుగల పెయ్యదూడలకు ఒక్కమారు వేయుదురు. 2019లో ఆరంభమైన జాతీయ పథకము క్రింద దీనికి వెల లేదు. చూడి పశువులకును, మగదూడలకును వేయింపరాదు. దూడ పుట్టిన తేదీని గోడమీద వ్రాసి ఉంచిన, తరుణము దాటిపోదు.