మైనస్ 6 దాటిందా? కంట్లో మెరుపులు, నల్ల నీడ కనిపిస్తే అస్సలు ఆలస్యం చేయొద్దు!

నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో పగలంతా కదలకుండా నిలిచే నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తుంటారు. కానీ అలాంటి నీడ మీ కంటిలోనే కనిపిస్తే? ఎటు చూసినా వెంటే వస్తుంటే? అది రెటీనా ఊడిపోతోందనడానికి గుర్తు కావొచ్చు. మైనస్ 6, అంతకంటే ఎక్కువ పవర్ ఉన్నవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

అసలు ఏం జరుగుతుంది?

మామూలు కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. దూరపు చూపు బాగా తగ్గినవాళ్లలో అది 26 మిల్లీమీటర్లు కూడా దాటొచ్చు. గుడ్డు సాగితే, లోపల వెనకవైపు ఉండే రెటీనా పొర కూడా సాగి పలచబడుతుంది. కంటి లోపలి జెల్లీ దాన్ని లాగినప్పుడు చిరుగు పడొచ్చు. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే, చెమ్మ దిగిన గోడకు సున్నం పెచ్చులు లేచినట్టు రెటీనా ఊడి వస్తుంది.

మైనస్ 3 దాటినవారికి ఈ ముప్పు మామూలు చూపు ఉన్నవారి కంటే దాదాపు 10 రెట్లు ఎక్కువని 1993లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

లాసిక్ చేయించుకుంటే సరిపోతుందా?

సరిపోదు. లాసిక్ కంటి ముందు పొరను మాత్రమే సరిచేస్తుంది. అద్దాలు పోతాయి కానీ సాగిన గుడ్డు అలాగే ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ అయినా ఏడాదికోసారి చుక్కల మందు వేసి చేసే రెటీనా పరీక్ష మానొద్దు. కళ్లద్దాల షాపులో పవర్ చూపించుకోవడం ఈ పరీక్ష కిందికి రాదు. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు. తోడు ఒకరిని తీసుకెళ్లండి.

ఈ లక్షణాలు కనిపిస్తే అదే రోజు వెళ్లండి

* కంటి పక్కన మెరుపులు మెరిసినట్టు అనిపించడం
* ఉన్నట్టుండి నల్ల చుక్కలు, సాలెగూడు పోగులు ఎక్కువ కావడం
* ఒక పక్క నుంచి పరదా దించినట్టు నీడ రావడం

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. రెటీనా ఊడేటప్పుడు నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అందుకే చాలామంది 'రెండు రోజులు చూద్దాంలే' అని ఆగిపోతారు. చిరుగు దశలోనే వస్తే చాలాసార్లు లేజర్‌తో సరిపోతుంది. ఊడిపోయాక ఆపరేషన్ తప్పదు. నడిమి చూపు ఇచ్చే మాక్యులా భాగం కూడా ఊడితే, ఆపరేషన్ చేసినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు.

పానగల్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో రెటీనా వైద్యం ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి రెటీనా డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కోండి. ఈలోగా కంట్లో పాలు, తేనె, పసరు లాంటివి వేయొద్దు. కన్ను నలపొద్దు.

మరికొన్ని జాగ్రత్తలు

క్రికెట్ బంతి, షటిల్ కాక్ లాంటివి కంటికి తగలకుండా రక్షణ అద్దాలు పెట్టుకోండి. కంటికి దెబ్బ తగిలితే చూపు బాగానే ఉన్నా డాక్టర్‌కు చూపించండి. పిల్లలు రోజూ 2 గంటలైనా పగటి వెలుతురులో బయట ఆడుకుంటే మైనస్ పవర్ వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇప్పటికే పవర్ వేగంగా పెరుగుతుంటే డాక్టర్‌ను అడగండి, దాన్ని నెమ్మదింపజేసే చుక్కల మందులు ఉన్నాయి.

అన్నిటికంటే తేలికైన పని ఒకటుంది. వారానికోసారి ఒక కన్ను మూసి రెండో కంటితో ఎదురు గోడను చూడండి, తర్వాత కన్ను మార్చండి. రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. ఎక్కడైనా నీడ కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.