మోగకముందే మెరిసే దీపం

సిరిసిల్లలో సాంచెలు నడిచే ఇంట్లో మీరెప్పుడైనా కాసేపు కూర్చున్నారా? పక్కనున్న మనిషి మాటే వినబడదు, ఇక గూట్లో పెట్టిన సెల్‌ఫోను గంట ఏం వినబడుతుంది! కోరుట్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఇళ్ళలో ఆ చప్పుడు లేదు గానీ ఎదురుచూపు మాత్రం అదే. ఇంటాయన దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. పని దిగాక దొరికిన ఆ పది నిముషాల్లో ఇక్కడ ఫోను ఎత్తకపోతే ఆ పూటకు మాట దక్కనట్టే.

2000 తర్వాత కొన్నేళ్ళు ఫోను వెనక అతికించే మెరుపు స్టిక్కర్లు, ఏరియల్ కొనకు తగిలించే బుల్లి దీపాలు బజార్లలో బాగా అమ్ముడుపోయాయి. పిల్లల సరదా అని మనం నవ్వుకున్నాం. కండెలు చుడుతూ కూర్చున్న మనిషికి అలాంటి దీపం ఎంత ఉపకారమో ఆలోచించండి.

విచిత్రమేమిటంటే ఆ దీపం గంట కంటే ముందే మెరిసేది. ఫోనుకూ దానికీ మధ్య తీగ లేదు, కొన్నిట్లో బాటరీ కూడా ఉండదు. మరి ఎలా? ఫోను వినడమే కాదు, పలుకుతుంది కూడా. టవరు పేరు పెట్టి పిలవగానే మన ఫోను "ఇక్కడే ఉన్నాను" అని రేడియో తరంగాలతో బదులిస్తుంది. గంట ఆ తర్వాతి మాట. పాత 2జీ పద్ధతిలో ఒకే దారిని ఎనిమిది ఫోన్లు పంచుకుంటాయి, వీధి కుళాయి దగ్గర బిందెల వరుస లాగ. ఒక్కో ఫోనుకు సెకనుకు సుమారు 217 సార్లు వంతు వస్తుంది. వచ్చిన ఆ క్షణంలో 2 వాట్ల దాకా శక్తితో గట్టిగా అరుస్తుంది. ఫోను పక్కనున్న రేడియో గరగరమనేది ఆ అరుపుకే!

స్టిక్కరులోని సన్నని తీగచుట్ట ఆ తరంగాలలో కాస్త పట్టుకుని ఎల్‌.ఇ.డి. దీపానికి అందిస్తుంది. ఎర్ర ఎల్‌.ఇ.డి. 1962 నాటిది, రెండు వోల్టులైనా అక్కర్లేకుండా వెలుగుతుంది. ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే చేయించి చూడండి. ఒక ఎర్ర ఎల్‌.ఇ.డి., దానికి అడ్డంగా తిరగేసి కలిపిన ఒక షాట్కీ డయోడు, రెండు కాళ్ళకూ చెరో 8 సెంటీమీటర్ల తీగ. 2జీ ఫోనును ఆనించి ఎవరికైనా ఫోను చేస్తే మిణుకుమిణుకుమంటుంది. ఆ 8 ఎందుకంటే, 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అందులో నాలుగోవంతు.

ఇలాంటి స్టిక్కరు రేడియేషన్‌ను పీల్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది తీసుకునేది చిటికెడు.

బాటరీ ఉన్న రకాల విషయంలో మాత్రం భయపడాలి. వాటిలో గుండీ అంత బిళ్ళ ఉంటుంది. పసివాళ్ళు మింగితే, గొంతు దిగువన ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. వాంతి చేయించకండి, "రేపు విరేచనంలో పోతుందిలే" అని కూర్చోకండి, తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి. పాత స్టిక్కర్లు డ్రాయరులో ఉంటే ఇవాళే తీసి చూడండి.

4జీ ఫోన్ల పక్కన ఈ దీపాలు సరిగ్గా వెలగవు. వాటి బలం 0.2 వాట్ల లోపే, పైగా పిలుపు లేకపోయినా నెట్టు కోసం అస్తమానం పలుకుతూనే ఉంటాయి. ఇక వైఫైలో వచ్చే వాట్సాప్ పిలుపుకు ఫోను టవరుతో మాట్లాడనే మాట్లాడదు. అయితే చాలా కొత్త ఫోన్లలో పిలుపు రాగానే కెమెరా దీపం మెరిసే ఏర్పాటు ఉంది. చెవి వినబడనివారి కోసం పెట్టిన సెట్టింగుల్లో వెతకండి. సాంచెల ఇంట్లో అది పెట్టుకున్నాక ఫోను బోర్లా పెట్టడం మరవకండి, ఆ దీపం ఉండేది వెనకవైపు కదా.